వరిగడ్డి సంచిలో ముత్యపు చిప్పలు

వరి నూర్చాక మిగిలే గడ్డిలో సారం ఉండదని అనుకుంటాం గాని, దాని బరువులో సగానికి పైగా చక్కెర అణువులే. అవి గొలుసులుగా అల్లుకుని సెల్యులోజుగా, హెమిసెల్యులోజుగా ఉంటాయి. వాటిని అంటిపెట్టుకుని లిగ్నిన్ అనే మొండి పదార్థం ఉంటుంది. మన కడుపు వీటిలో దేన్నీ అరిగించుకోలేదు. గేదె నెమరువేసి, తన కడుపులోని సూక్ష్మజీవుల సాయంతో సెల్యులోజును చాలావరకు అరిగించుకుంటుంది. లిగ్నిన్ మాత్రం దానికీ కొరుకుడు పడదు. ఆ లిగ్నిన్‌ను కూడా విడగొట్టి తినగల శిలీంధ్రాలు కొన్ని ఉన్నాయి. అడవిలో కూలిపోయిన మాను కొన్నేళ్ళకు తెల్లబారి, పీచుపీచుగా మారి, చేత్తో నలిపితే రాలిపోవడం వాటి పనే. ముత్యపు చిప్ప పుట్టగొడుగు ఆ కోవకు చెందినది. మొద్దును తినగలిగిన దానికి వరిగడ్డి ఒక లెక్కా!

బజార్లో డబ్బాల్లో అమ్మే తెల్లటి బటన్ పుట్టగొడుగు సంగతి వేరు. దానికి గడ్డిని ఎరువుతో కలిపి, రోజుల తరబడి తిరగేసి, కుళ్ళబెట్టి, ప్రత్యేకంగా కంపోస్టు చేసి పెట్టాలి. కాపు కాసే రోజుల్లో గది 14 నుంచి 18 డిగ్రీల మధ్య చల్లగా ఉండాలి. విజయవాడలోనో కరీంనగర్‌లోనో ఏసీ లేకుండా ఆ పని కాదు. ముత్యపు చిప్పకు కంపోస్టు అక్కర్లేదు. 20 నుంచి 28 డిగ్రీల మధ్య హాయిగా కాస్తుంది. ఇంట్లో మొదటిసారి పెంచాలనుకునేవాళ్ళు మరో ఆలోచన లేకుండా దీంతోనే మొదలుపెట్టాలని నేను చెప్పేది అందుకే.

దీన్ని మనిషి సాగు చేయడం మొదలై నూరేళ్ళు దాటింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1917లో, జర్మనీలో చెట్ల మొద్దుల మీద పెంచారు. మన దేశంలో తొలి అడుగు పడింది మైసూరులో. అక్కడి కేంద్రీయ ఆహార సాంకేతిక పరిశోధన సంస్థలో జకియా బానో, హెచ్.సి. శ్రీవాస్తవ 1962లో వరిగడ్డి మీద ఒక రకాన్ని పెంచి చూపించారు. ఆ తర్వాత 1974లో జాండైక్, కపూర్ అనే శాస్త్రవేత్తలు సజోర్ కాజు రకాన్ని సాగులోకి తెచ్చారు. హిమాలయ పాదాల దగ్గర ఒక జెముడు జాతి మొక్క మీద అది సహజంగా పెరుగుతూ జాండైక్ కంటపడింది. 1983లో హిమాచల్ ప్రదేశ్‌లోని సోలన్‌లో పుట్టగొడుగులకే ఒక జాతీయ పరిశోధన కేంద్రం వచ్చింది. ఇప్పుడు మనం ఇంట్లో చేసుకునే పద్ధతి ఏ విదేశీ యంత్రంతోనూ పని లేనిది. మన వరిగడ్డి మీద, మన వాతావరణంలో, మన వాళ్ళు కుదిర్చి పెట్టినది.

ఇక అసలు విషయానికి వద్దాం. గొడుగు ఆకారంలో కనిపించేది ఈ శిలీంధ్రానికి కాయ మాత్రమే. దాని ఒళ్ళంతా గడ్డిలోపల అల్లుకున్న తెల్లటి పోగులే. ఆ పోగులు గడ్డిని తింటూ విస్తరించే దశ ఒకటి, తిన్నది చాలనిపించి కాపుకు వచ్చే దశ ఒకటి. ఈ రెంటికీ కావలసినవి దాదాపు పూర్తిగా విరుద్ధం. పోగులు పాకేటప్పుడు సంచి మూసి ఉండాలి, కదపకూడదు, వెలుతురు అక్కర్లేదు, గాలి పెద్దగా ఆడకపోయినా ఫర్వాలేదు. కాపు దశకు వచ్చాక సంచి తెరవాలి, వెలుతురు తగలాలి, గాలి ధారాళంగా ఆడాలి, చుట్టూ తేమ నిండుగా ఉండాలి. చాలామంది చెప్పిన పనులన్నీ చెప్పినట్టే చేసి కూడా దెబ్బతినడానికి కారణం, ఏ దశలో ఏది ఎందుకు చేస్తున్నామో తెలియకపోవడమే. అది తెలిస్తే కొలతలు కాస్త అటూ ఇటూ అయినా పంట చేతికొస్తుంది.

ముందుగా విత్తనం. దీన్నే స్పాన్ అని కూడా అంటారు. ఉడకబెట్టిన జొన్నల మీదో గోధుమల మీదో ఈ శిలీంధ్రాన్ని ల్యాబులో శుభ్రమైన వాతావరణంలో పెంచి, ప్యాకెట్లలోనో సీసాల్లోనో అమ్ముతారు. ప్రతి గింజ చుట్టూ తెల్లటి పోగులు దట్టంగా పట్టి, గింజలన్నీ ఒకదానికొకటి అతుక్కుని గడ్డగా ఉండాలి. మూత తీస్తే తాజా పుట్టగొడుగు వాసన రావాలి. ఎక్కడైనా ఆకుపచ్చ, నల్ల మచ్చ కనిపించినా, అడుగున పసుపు నీళ్ళు చేరినా, పులిసిన వాసన వచ్చినా ఆ ప్యాకెట్ వద్దు. బేరమాడి సగం ధరకు ఇచ్చినా వద్దు. తయారై నెల దాటని విత్తనం దొరికితే మంచిది. తెచ్చిన వెంటనే వాడలేకపోతే ఫ్రిజ్‌లో అడుగు అరలో పెట్టి, వారం పది రోజుల్లో వాడేయాలి. బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థలో విత్తనం అమ్ముతారు, శిక్షణా ఇస్తారు. మన రెండు రాష్ట్రాల్లోనూ కొన్ని కృషి విజ్ఞాన కేంద్రాల్లో ఈ శిక్షణ ఉంటుంది. మీ జిల్లా కేంద్రాన్ని ఒకసారి అడిగి చూడండి. విత్తనం పోస్టులో తెప్పించుకునేవాళ్ళు ఎండాకాలంలో ఆ పని పెట్టుకోవద్దు. వేడెక్కిన లారీలో రెండు మూడు రోజులు ప్రయాణం చేసిన విత్తనం చేతికొచ్చేసరికే నీరసించి ఉంటుంది.

రకాల విషయానికొస్తే, తెల్లగా ఉండే ఫ్లోరిడా, బూడిద రంగులో ఉండే సజోర్ కాజు కొత్తవాళ్ళకు అనువైనవి. గులాబీ రంగు రకం వేడిని కొంచెం ఎక్కువ ఓర్చుకుంటుంది, త్వరగా కాపుకు వస్తుంది గాని కోశాక ఎక్కువసేపు నిలవదు. ఏ రకమైనా మన దగ్గర సెప్టెంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా మంచి అదను. ఉత్తరాంధ్ర ఏజెన్సీలో, అరకు, పాడేరు వైపు, ఇంకా ఎక్కువ కాలం వేసుకోవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో కోస్తాలో, తెలంగాణలో దీని జోలికి పోకపోవడమే మేలు. ఆ కాలంలోనూ పెంచాలనే పట్టుదల ఉంటే పాల పుట్టగొడుగు వేసుకోవాలి. 30 నుంచి 35 డిగ్రీల వేడి దానికి సరిపోతుంది. అయితే దానికి పైన మట్టి పొర వేయాలి, పద్ధతి వేరు.

ఇప్పుడు గడ్డి. నన్నడిగితే పంట ఏమవుతుందో ముప్పాతిక వంతు ఇక్కడే తేలిపోతుంది. ఈ సీజన్ గడ్డి కావాలి. వానకు తడిసి ఆరినది, వాము అడుగున నల్లబడినది, బూజు వాసన కొట్టేది పనికిరాదు. పొలంలో పొడ తెగులుకో అగ్గి తెగులుకో కోతకు ముందు మందు కొట్టారేమో రైతును అడిగి తెలుసుకోండి. అవి శిలీంధ్రాలను చంపే మందులు. మనం పెంచబోయేదీ శిలీంధ్రమే. మనం తినబోయే పంటకు మేత అవుతున్న గడ్డి కాబట్టి కూడా ఈ జాగ్రత్త అవసరం. మంచి గడ్డి బంగారు పసుపు రంగులో, విరిస్తే టక్కున విరిగేలా ఉంటుంది. దాన్ని రెండంగుళాల ముక్కలుగా కత్తిరించుకోవాలి. పొడుగ్గా వదిలేస్తే సంచిలో సర్దుకోదు, మధ్య మధ్య ఖాళీలు మిగులుతాయి. మరీ పొడి చేస్తే ముద్దయిపోయి లోపల గాలి ఆడదు.

ఆ ముక్కల్ని చల్లటి నీళ్ళలో ఎనిమిది నుంచి పన్నెండు గంటలు నానబెడతారు. రాత్రి నానేస్తే పొద్దున్నకు సరిపోతుంది. తర్వాత వేడి నీళ్ళ పని. గడ్డి మీద కంటికి కనిపించని బూజుల విత్తులు, బాక్టీరియా, పురుగుల గుడ్లు కోట్లకొద్దీ ఉంటాయి. తడి తగలగానే అవన్నీ మేల్కొంటాయి. మనం వేసే విత్తనం నిదానంగా పాకేలోపు అవి గడ్డినంతా ఆక్రమిస్తాయి. వాటిని అణచి మన శిలీంధ్రానికి ముందు అవకాశం ఇవ్వడమే ఈ వేడి చేయడంలోని కీలకం. ఒక పెద్ద గిన్నెలో నీళ్ళు బాగా కాచి, నానిన గడ్డిని పల్చటి గుడ్డలో మూటకట్టి అందులో ముంచి, పైన తేలకుండా బరువు పెట్టి, మూత వేయాలి. నీటి వేడి 65 నుంచి 80 డిగ్రీల మధ్య ఒక గంటపాటు నిలవాలి. వంటింటి థర్మామీటరు ఉంటే సరే. లేకపోతే మరిగిన నీళ్ళలో గడ్డి ముంచి, సన్నటి సెగ మీద ఉంచితే చాలు.

చాలామందికి వచ్చే సందేహం, ఇంకాస్త ఎక్కువసేపు బాగా ఉడకబెడితే మరీ మంచిది కదా అని. కాదు. గడ్డిలో వేడికి తట్టుకునే కొన్ని బాక్టీరియాలు ఉంటాయి. అవి మన శిలీంధ్రానికి హాని చేయవు, పైగా ఇతర బూజులు చేరకుండా చూస్తాయి. గంటలకొద్దీ మరిగిస్తే అవీ పోతాయి, గడ్డి మెత్తబడి అందులోని చక్కెరలు బయటికి వస్తాయి. అప్పుడు గాలిలోంచి వచ్చి పడిన ఏ బూజుకైనా అది వడ్డించిన విస్తరే. సాధారణ ఇంటి వాతావరణంలో పనిచేసేటప్పుడు పూర్తిగా క్రిములు లేని గడ్డి కన్నా, సగం శుద్ధి అయిన గడ్డే క్షేమం.

వ్యాపార పద్ధతిలో పెంచేవాళ్ళు ఇంధనం ఖర్చు తగ్గించుకోవడానికి రసాయనాలు వాడతారు. వంద లీటర్ల నీటికి కార్బెండజిమ్ మందు 7.5 గ్రాములు, ఫార్మలిన్ 125 మిల్లీలీటర్లు కలిపి, గడ్డిని 16 నుంచి 18 గంటలు అందులో నానబెడతారు. ఆ పద్ధతి పనిచేస్తుంది, శిక్షణ తరగతుల్లోనూ చెబుతారు. కానీ ఫార్మలిన్ ఆవిరి కళ్ళను, గొంతును మండిస్తుంది. అది క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం తేల్చింది. రెండు మూడు సంచుల కోసం, పిల్లలు తిరిగే ఇంట్లో, ఆ సీసా తెచ్చి పెట్టుకోవడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. గిన్నెడు వేడి నీళ్ళతో అయిపోయే పనికి అంత ప్రమాదం ఎందుకు?

వేడి నీళ్ళలోంచి తీసిన గడ్డిని వార్చి, శుభ్రమైన గుడ్డ మీదో, కడిగి తుడిచిన పాలిథిన్ పట్టా మీదో నీడలో పరిచి ఆరనివ్వాలి. ఎంతసేపు? దీనికి గడియారం పనికిరాదు, గుప్పిటే కొలత. గుప్పెడు గడ్డి తీసుకుని గట్టిగా పిండి చూడండి. నీళ్ళు ధారగా కారితే ఇంకా ఆరాలి. వేళ్ళ సందుల్లో ఒకటి రెండు చుక్కలు మెరిసి, చెయ్యి తెరిచాక అరచెయ్యి తడిగా ఉండి, గడ్డి వెంటనే విడిపోకుండా మెల్లగా విచ్చుకుంటే అదే సరైన పదును. ఏమీ తగలకపోతే ఎక్కువ ఆరిందని అర్థం. ఆ పదునులో నూటికి 65 నుంచి 70 పాళ్ళు తేమ ఉంటుంది. ఎక్కువ నీళ్ళున్న సంచిలో అడుగున గాలి ఆడక బాక్టీరియా చేరి పుల్లటి కంపు కొడుతుంది. మొదటిసారి వేసేవాళ్ళు తడి తక్కువై చెడగొట్టుకున్నది నేను అరుదుగా చూశాను, ఎక్కువై చెడగొట్టుకున్నదే ఎక్కువ.

ఒక కిలో ఎండుగడ్డి ఈ పదునుకు వచ్చేసరికి మూడు కిలోల దాకా తూగుతుంది. 30 సెంటీమీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల పొడవున్న పాలిథిన్ సంచిలో అది సరిగ్గా సర్దుకుంటుంది. విత్తనం తడి గడ్డి బరువులో నూటికి రెండు పాళ్ళు చాలంటారు. ఇంట్లో మొదటిసారి వేసేవాళ్ళు నాలుగు పాళ్ళు వేసుకోవడం మంచిది. అంటే రెండు కిలోల ఎండుగడ్డికి, రెండు సంచులకు కలిపి, పావుకిలో ప్యాకెట్ ఒకటి. పాలలో తోడు కాస్త ఎక్కువ వేస్తే వేరే పులుపు చేరేలోపు పెరుగు తోడుకున్నట్టే, విత్తనం ఎక్కువ పడితే పోగులు త్వరగా కలుసుకుని బూజులకు చోటు లేకుండా చేస్తాయి. 

నింపే ముందు గది తలుపులు, కిటికీలు మూసి, ఫ్యాను ఆపేయండి. చేతులు సబ్బుతో కడిగి, స్పిరిట్ రాసుకోండి. గడ్డి పూర్తిగా చల్లారిందని వేలు లోపలికి గుచ్చి చూసుకోండి. వెచ్చగా ఉన్న గడ్డిలో వేస్తే విత్తనం చచ్చిపోతుంది. సంచి అడుగున నాలుగు వేళ్ళ మందాన గడ్డి వేసి అదిమి, అంచుల వెంట గింజలు చల్లాలి. మళ్ళీ గడ్డి, మళ్ళీ గింజలు, ఇలా నాలుగైదు పొరలు. గింజలు ఎక్కువగా అంచుల వెంటే పడాలి. చివరి పొర మీద కాస్త ఎక్కువ చల్లి, మూతి బిగించి కట్టి, చుట్టూ పెన్సిలు మందం రంధ్రాలు పది పన్నెండు పెట్టాలి. తేదీ రాసి అంటించండి. గుర్తుంటుందిలే అనుకుంటాం గాని ఉండదు.

ఆ సంచుల్ని చీకటిగా ఉండే మూలన, ఒకదానికొకటి తగలకుండా పెట్టండి, లేదా ఉట్టిలా తాళ్ళతో వేలాడదీయండి. పోగులు గడ్డిని తింటున్నప్పుడు వేడి పుడుతుంది. గది కన్నా సంచి లోపల రెండు మూడు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. అందుకే ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. రెండో మూడో రోజుకు ప్రతి గింజ చుట్టూ తెల్లటి సన్నని పోగులు సూర్యకిరణాల్లా విచ్చుకుని పక్క గడ్డిపోచను పట్టుకోవడం సంచి బయటి నుంచే కనిపిస్తుంది. వారానికి ఆ వలయాలు ఒకదానితో ఒకటి కలుస్తాయి. 15 నుంచి 20 రోజుల్లో సంచి మొత్తం పాలతెలుపు తిరిగి, వేలితో నొక్కితే గట్టిగా దిమ్మలా తగులుతుంది. ఈ రోజుల్లో నీళ్ళు చల్లడం, విప్పి చూడడం, అటూ ఇటూ మార్చడం ఏదీ వద్దు.

చిన్న ఆకుపచ్చ మచ్చ కనబడితే అది ట్రైకోడెర్మా అనే బూజు. అంగుళం లోపే ఉండి, చుట్టూ తెల్ల పోగులు బలంగా ఉంటే కొన్నిసార్లు అవే దాన్ని కమ్మేస్తాయి. మచ్చ పెరుగుతూ పోతుంటే ఆ సంచిని ఇంట్లో విప్పకుండా అలాగే మరో కవరులో పెట్టి బయటికి తీసుకుపోవాలి. నారింజ రంగు పొడిలా లేచే బూజు వస్తే ఒక్క గంట కూడా ఆగొద్దు, అది గాలిలో ఎగిరి పక్క సంచులన్నిటికీ పాకుతుంది. రంధ్రాల దగ్గర సన్న ఈగలు మూగుతుంటే దోమతెర కట్టండి. పురుగుమందు మాత్రం కొట్టకండి. మనం కోసుకు తినబోయేది ఆ సంచి మీదే మొలుస్తుంది. తొందరగా పెరగాలని గడ్డిలో తవుడు, శనగపిండి కలిపేవాళ్ళూ ఉన్నారు. వరిగడ్డిలో నత్రజని నూటికి ఒక పాలు కూడా లేదన్నది నిజమే. కానీ తక్కువ నత్రజనితో బతకడం ఈ శిలీంధ్రానికి పుట్టుకతో వచ్చిన విద్య. మొద్దుల్లో ఉన్నప్పుడు అది సూక్ష్మమైన నులిపురుగుల్ని విషపు బొట్లతో పడగొట్టి, వాటి ఒంట్లోకి పోగులు దూర్చి నత్రజని పీల్చుకుంటుందని 1984లో కెనడా శాస్త్రవేత్తలు కనిపెట్టారు. మన తవుడు దానికన్నా ముందు బూజులకే మేత అవుతుంది.

సంచి పూర్తిగా తెల్లబడ్డాక రెండో దశ. ఇక్కడి నుంచి నియమాలన్నీ తిరగబడతాయి. వెలుతురు తగిలే చోటికి, ఎండ తగలని చోటికి సంచిని మార్చాలి. పేపరు చదువుకోగలిగినంత వెలుతురు ఉంటే సరి. మొక్కలాగా ఇది వెలుతురుతో ఆహారం తయారు చేసుకోదు. మొద్దు లోపలి నుంచి బయటికి వచ్చానని దానికి తెలియడానికే ఆ వెలుతురు. గాలి సంగతీ అంతే. మూసిన గదిలో శిలీంధ్రం వదిలే కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటే, తాను ఇంకా ఏదో తొర్రలోనే ఉన్నానని గాలి కోసం కాడను పొడుగ్గా చాస్తుంది. కాడ జానెడు, టోపీ రూపాయి బిళ్ళంత వస్తే మీ గదిలో గాలి ఆడడం లేదని అర్థం. ఎన్ని నీళ్ళు చల్లినా అది సర్దుకోదు, కిటికీ తీయాలి.

కిటికీ తీస్తే తేమ పోతుంది. తేమ కోసం మూస్తే గాలి ఉండదు. ఇంటి పెంపకంలో అసలు చిక్కు ఇదే. కోస్తాలో అక్టోబరు, నవంబరుల్లో గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి పాలిథిన్ మొత్తం చీల్చి తీసేసినా నడుస్తుంది. హైదరాబాదులో, అనంతపురంలో, ఆదిలాబాదులో చలికాలపు గాలి పొడిగా ఉంటుంది. అలాంటి చోట సంచిని పూర్తిగా విప్పకుండా బ్లేడుతో అంగుళం, రెండంగుళాల గాట్లు ఆరేడు పెట్టి వదిలేయడం మంచిదని నా అభిప్రాయం. లోపలి తడి లోపలే ఉంటుంది, గాట్లలోంచి గుత్తులు బయటికి వస్తాయి. చుట్టూ తడి గోనెపట్టాలు వేలాడదీసి, కింద ఇసుక పరిచి తడుపుతుంటే 80 నుంచి 85 శాతం తేమ నిలుస్తుంది. రోజుకు రెండు మూడుసార్లు చిన్న స్ప్రేయరుతో మంచులా నీళ్ళు చల్లండి. గోనెకు, గోడకు, గాలిలోకి చల్లండి. పుట్టగొడుగు టోపీ మీద నీళ్ళు నిలిస్తే పసుపు, గోధుమ రంగు మచ్చలు పడి కుళ్ళుతుంది.

గాట్లు పెట్టిన నాలుగైదు రోజులకు ఆ అంచుల్లో సూదిమొనల్లాంటి బొడిపెలు గుంపుగా లేస్తాయి. మొదట్లో వాటి తలలు ఆవగింజంత, ముదురు బూడిద రంగులో ఉంటాయి. తెల్లారి చూసేసరికి పెసరగింజంత అవుతాయి. ఆ మర్నాటికి తలలు పక్కకు వాలి, చిప్ప ఆకారం తిరుగుతాయి. వాటిలో చాలా వరకు ఎండి రాలిపోతాయి, కొన్నే పెద్దవవుతాయి. అది సహజమే. ఈ రెండు రోజులు తేమ తగ్గకుండా చూసుకుంటే మూడో రోజుకో నాలుగో రోజుకో కోతకు వస్తాయి.

ఎప్పుడు కోయాలన్నది టోపీ అంచు చెబుతుంది. అంచు ఇంకా లోపలికి కొద్దిగా ముడుచుకుని ఉండగానే కోయాలి. పలచబడి పైకి తిరగడం మొదలైతే ఆలస్యమైనట్టే. అప్పుడు పీచు పెరుగుతుంది, రుచి తగ్గుతుంది, అన్నిటినీ మించి తెల్లటి పొడిలా విత్తులు రాలడం మొదలవుతుంది. గాలి ఆడని గదిలో ఆ విత్తులు పీలిస్తే కొందరికి దగ్గు, ఆయాసం వస్తాయి. ఆస్తమా ఉన్నవాళ్ళ ఇంట్లో పడక గదిలోనో హాల్లోనో ఈ సంచులు ఉండకూడదు. బాల్కనీ, మెట్ల కింద, పెరటి వసారా ఉత్తమం. కోసే రోజు పొద్దున నీళ్ళు చల్లకుండా, గుత్తి మొదలు పట్టుకుని మెల్లగా మెలితిప్పి మొత్తంగా ఊడదీయాలి. మొదలు ముక్క మిగిలితే అది కుళ్ళి ఈగల్ని పిలుస్తుంది.

మళ్ళీ మామూలుగా నీళ్ళు చల్లుతూ ఉంటే వారం పది రోజులకు రెండో కాపు, ఆ తర్వాత మూడోది వస్తాయి. మొదటి కాపే పెద్దది, తర్వాత తగ్గుతూ పోతాయి. విత్తనం వేసిన నాటి నుంచి మొత్తం 45 నుంచి 60 రోజుల వ్యవహారం. కిలో ఎండుగడ్డికి మూడు కాపులూ కలిపి మొదటిసారి అరకిలో నుంచి ముప్పావు కిలో వస్తే బాగా చేసినట్టే. చెయ్యి తిరిగాక కిలో దాకా తీయవచ్చు.

వంటింట్లోకి వచ్చేసరికి దీనిమీద గొప్పలు ఎక్కువ వినిపిస్తాయి. మాంసానికి సమానమని, చక్కెర జబ్బు తగ్గిస్తుందని ప్రచారం చేస్తారు. తాజా పుట్టగొడుగులో నూటికి 90 పాళ్ళు నీళ్ళే. వంద గ్రాములకు మూడు గ్రాముల అటూ ఇటూగా మాంసకృత్తులు ఉంటాయి. ఒక్క కోడిగుడ్డులో ఉండేది ఆరు గ్రాములు. ఎండబెట్టిన దాన్ని తూచి చెప్పిన లెక్కలు తాజా దానికి అంటగట్టడం వల్ల ఈ పొరపాటు వస్తోంది. ఇది మందు కాదు. మంచి కూర, పీచు, కొన్ని బి విటమిన్లు ఉన్న ఆహారం. ఒక విశేషం మాత్రం ఉంది. కోసిన పుట్టగొడుగుల్ని రేకలున్న వైపు పైకి తిప్పి అరగంటసేపు మధ్యాహ్నపు ఎండలో ఉంచితే, అందులోని ఎర్గోస్టెరాల్ అనే పదార్థం విటమిన్ డిగా మారుతుంది. పచ్చిగా తినకూడదు, బాగా ఉడకాలి. మొదటిసారి తినేవాళ్ళు కొద్దిగా తిని, ఒంటికి పడుతుందో లేదో చూసుకోవాలి. చేత్తో నిలువునా చీల్చి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాలింపులో పెద్ద మంట మీద వేస్తే ముందు నీళ్ళు ఊరుతాయి. ఆ నీళ్ళు ఇగిరేదాకా ఆగి, అప్పుడు మిరియాల పొడి, ఉప్పు వేయండి. ఉప్పు ముందే వేస్తే నీళ్ళు మరీ ఎక్కువ ఊరుతాయి. మిగిలినవి కాగితపు సంచిలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు మూడు రోజులు ఉంటాయి. ఎక్కువైతే గలగలమనేలా ఎండబెట్టి సీసాలో పెట్టుకోండి. పది కిలోలు ఎండితే కిలో అవుతుంది, వేడి నీళ్ళలో నానేస్తే మళ్ళీ కూరకు వస్తుంది.

ఇంట్లో రెండు సంచులు బాగా కాశాయనగానే వ్యాపారం ఆలోచన వస్తుంది. మంచిదే, చేస్తున్నవాళ్ళూ ఉన్నారు. కానీ కోసిన మర్నాటికి అమ్ముడుపోవలసిన సరుకిది. మన పట్టణాల్లో కొనేవాళ్ళకు అలవాటైనది బటన్ రకం. ముందు చుట్టుపక్కల పది ఇళ్ళు, రెండు హోటళ్ళు వారం వారం తీసుకుంటామని చెప్పాకే సంచులు పెంచండి. విత్తనం, షెడ్డు, యంత్రాలు అన్నీ మేమే ఇస్తాం, పండించినదంతా మేమే తిరిగి కొంటాం అని ముందే లక్షలు కట్టించుకునే వాళ్ళతో మాత్రం జాగ్రత్త. ఈ పంటకు ఏం కావాలో పైన చెప్పిన లెక్కలోనే ఉంది. అందులో లక్షల మాట ఎక్కడా లేదు.

ఇంటి వాడకానికైతే పదిహేను రోజులకొక సంచి చొప్పున వేసుకుంటూ పొండి. ఒకటి కాస్తుండగా ఇంకొకటి తెల్లబడుతూ ఉంటుంది, సీజన్ అంతా కూరకు లోటుండదు. మూడు కాపులు అయిపోయిన దిమ్మ తేలికై, నొక్కితే మెత్తగా ఉంటుంది. దాన్ని ఇంకా కాస్తుందేమోనని ఇంట్లోనే ఉంచితే ఈగలు, పచ్చ బూజు చేరి కొత్త సంచుల్ని పాడు చేస్తాయి. పాలిథిన్ తీసేసి, గడ్డిని చేత్తో విడదీసి, పేడతో కలిపి తడుపుతూ ఉంచితే మామూలు గడ్డి కన్నా చాలా తొందరగా ఎరువవుతుంది. గట్టి భాగంలో కొంత పుట్టగొడుగు ముందే తినేసి ఉంటుంది కదా. వానపాములకు వేస్తే ఇంకా మంచిది. ఆ ఎరువు కుండీల్లో వేస్తే వంగకు, టమాటాకు బాగా పనిచేస్తుంది.